ఇంప్లాంట్ పెట్టించుకునేవారికి: పన్ను పీకే ముందు నుంచే దవడ ఎముకను కాపాడుకోవడం ఎలా?

ఇంప్లాంట్ (పోయిన పన్ను బదులు దవడ ఎముకలో దించే టైటానియం స్క్రూ) గురించి వాకబు చేసేవారు మొదట అడిగేది స్క్రూ ఏ కంపెనీది, ఎన్నేళ్లు ఉంటుంది అని. అసలు అడగాల్సింది ఆ స్క్రూ దిగబోయే ఎముక సంగతి. టైటానియం పుచ్చిపోదు, విరగడం కూడా అరుదే. పెట్టిన ఇంప్లాంట్ కదిలిపోయిందంటే చాలాసార్లు దాని చుట్టూ ఎముక అసలు అతుక్కోలేదనో, అతుక్కున్నది కరిగిపోయిందనో అర్థం. పైగా ఎముక ఎక్కువగా పోయేది ఇంప్లాంట్ పెట్టాక కాదు, పన్ను పీకిన తొలి మూడు నెలల్లో. ఇంప్లాంట్ గురించి ఆలోచించడం మొదలుపెట్టేసరికే చాలామంది ఆ మూడు నెలలు దాటేసి ఉంటారు. అందుకే పన్ను ఇంకా నోట్లో ఉన్న రోజు నుంచే మొదలుపెడదాం.

ముందుగా, ఎముక కరగడం వెనక ఉన్న కారణం

పళ్లను పట్టి ఉంచే దవడ గట్టు పంటితోనే పెరుగుతుంది, పన్ను పోతే తానూ తగ్గిపోతుంది. వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారపొర ఉంటుంది. గుంట లోపలి గోడకు రక్తం అందేది చాలావరకు ఆ పొర నుంచే. పన్ను పీకగానే పొర తెగిపోతుంది, దాన్ని నమ్ముకున్న ఎముక కరగడం మొదలుపెడుతుంది. పై దవడ ముందు పళ్ల దగ్గర పెదవి వైపు గోడ చాలామందిలో 1 మి.మీ. కన్నా పలచన. అంత పలచని గోడకు వేరే ఆధారం ఉండదు కాబట్టి మొదట పోయేది అదే. అంగిలి వైపు గోడ మందంగా ఉంటుంది, అంత తొందరగా తగ్గదు.

ఏడాది తిరిగేసరికి గట్టు వెడల్పు దాదాపు సగానికి పడిపోవచ్చు. అలా తగ్గే దానిలో మూడింట రెండు వంతులు తొలి మూడు నెలల్లోనే జరిగిపోతుంది. ఎత్తు అంతగా తగ్గదు, ఆరు నెలల్లో సగటున 1 మి.మీ. పైచిలుకు. పై దవడ వెనక భాగంలో ఇంకో చిక్కుంది. పళ్లు లేని చోట సైనస్ గాలిగది కిందికి దిగుతుంది, అంటే ఎముక కింది నుంచీ తగ్గుతుంది, పై నుంచీ తగ్గుతుంది.

పన్ను పీకిన రోజే ఇంప్లాంట్ పెట్టేస్తే ఎముక కరగదన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. తెగిన నారపొరను స్క్రూ తిరిగి తేలేదు, బయటి గోడ అప్పుడూ కరుగుతుంది. అయితే గోడకూ ఇంప్లాంట్‌కూ మధ్య ఖాళీని ఎముక పొడితో నింపితే ఆ తరుగు కొంత తగ్గుతుంది.

1. పీకక ముందే కొలతలు, రక్త పరీక్షలు

మొత్తం దవడకు తీసే మామూలు ఎక్స్‌రేలో ఎముక వెడల్పు తెలియదు, బొమ్మ కూడా అసలు కన్నా పెద్దగా పడుతుంది. వెడల్పు తెలియాలంటే దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ కావాలి. అందులో ఈ దూరాలు కొలిపించండి:

- ఇంప్లాంట్‌కు బయటి వైపు కనీసం 1.5 నుంచి 2 మి.మీ. ఎముక మిగలాలి, లోపలి వైపు 1 మి.మీ. తగ్గకూడదు. 4 మి.మీ. మందం ఉన్న స్క్రూకు దాదాపు 7 మి.మీ. గట్టు కావాలన్నమాట.
- పక్క పంటి వేరుకు 1.5 మి.మీ., రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మి.మీ. దూరం.
- కింది దవడలో నరం నడిచే కాలువకు పైన 2 మి.మీ. ఖాళీ.

రెండు ఇంప్లాంట్లు 3 మి.మీ. కన్నా దగ్గరగా ఉంటే వాటి మధ్య ఎముక శిఖరం కుంగిపోతుంది, దాన్ని ఆనుకుని ఉన్న చిగురూ దిగిపోయి పళ్ల మధ్య నల్లటి సందు కనిపిస్తుంది. ఆ తర్వాత దాన్ని పూడ్చడం చాలా కష్టం.

ఇక ఒంటి ఆరోగ్యం. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్త పరీక్ష) 7 శాతం దగ్గర్లో ఉండడం మంచిది. 8 దాటితే తొందరేమీ లేని సర్జరీని వాయిదా వేసి ముందు షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోవాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పుండు నెమ్మదిగా మానుతుంది, ఇన్ఫెక్షన్ ఊరికే పడుతుంది. విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు ఉంటే లోటు కిందే లెక్క, ముందే సరిచేసుకోండి. పొగతాగేవారు సర్జరీకి కనీసం ఒకటి రెండు వారాల ముందు మానేసి, తర్వాత ఎనిమిది వారాల దాకా ముట్టకూడదు. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగదీస్తుంది, కొత్త ఎముకకు కావాల్సింది ఆ నాళాల నుంచి వచ్చే రక్తమే.

ఎముకలు గుల్లబారకుండా వాడే మందుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ లాంటివి వాడేవారిలో పన్ను పీకిన చోట పుండు మానక ఎముక బయటపడి చచ్చిపోయే ముప్పు ఉంది. క్యాన్సర్ చికిత్సలో ఎక్కువ మోతాదు ఇంజెక్షన్లుగా తీసుకునేవారిలో ఈ ముప్పు చాలా ఎక్కువ, ఎముకలు గుల్లబారే జబ్బుకు (ఆస్టియోపొరోసిస్‌కు) వాడే మోతాదులో తక్కువ. ఎన్నేళ్లుగా వాడుతున్నారు, చివరి ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారు అన్నది పన్ను పీకకముందే దంతవైద్యులకు చెప్పండి. ఇంప్లాంట్ రోజున చెబుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు. ముఖ్యంగా డెనోసుమాబ్ డోసు తప్పితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఆపాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. తల, మెడకు రేడియేషన్ తీసుకున్నవారిదీ ఇదే వరస.

చిగుళ్ల జబ్బు ఉంటే దాన్ని ముందు నయం చేయించుకోవాలి. మిగతా పళ్ల దగ్గరున్న సూక్ష్మజీవులే రేపు ఇంప్లాంట్ చుట్టూ చేరతాయి.

2. పన్ను పీకే తీరు

ఎముక పరంగా చూస్తే మొత్తం చికిత్సలో అన్నిటికన్నా విలువైన పావుగంట ఇది. పన్ను పీకడం చిన్న పని అనుకుని దగ్గర్లో దొరికిన చోట తీయించేసుకుని, ఇంప్లాంట్‌కు మాత్రం నిపుణుల కోసం వెతకడం తిరకాసు వ్యవహారం.

జాగ్రత్తగా పీకడం ఇలా ఉంటుంది. పెరియోటోమ్ అనే సన్నటి బ్లేడును వేరుకూ ఎముకకూ మధ్య దింపి నారపొరను చుట్టూ కోస్తారు. వేర్లు రెండు మూడు ఉంటే పన్నును డ్రిల్లుతో ముక్కలు చేసి ఒక్కో వేరును విడిగా తీస్తారు. పన్నును పెదవి వైపుకో చెంప వైపుకో వంచి ఊపరు, ఎందుకంటే విరిగేది ఆ వైపు పలచని గోడే. వీలైనంతవరకు చిగురును కోసి ఎముక మీంచి లేపరు. లేపితే పైపొర నుంచి అందే రక్తం కూడా కొన్నాళ్లు తగ్గిపోతుంది, గోడకు రెండు వైపులా తిండి ఆగిపోయినట్టే.

పన్ను బయటికొచ్చాక చీము సంచి, మెత్తటి కండ లాంటి కణజాలం అంతా గీకి తీసి సెలైన్‌తో కడగాలి. తర్వాత కొలత గీతలున్న సన్నటి కడ్డీతో (ప్రోబ్‌తో) బయటి గోడ నిలిచి ఉందో లేదో చూడాలి. ‘బయటి గోడ పూర్తిగా ఉందా?’ అని తప్పకుండా అడగండి. తర్వాతి అడుగు ఆ జవాబును బట్టే ఉంటుంది.

3. గుంటను నింపడం

ప్రతి గుంటనూ నింపాల్సిన పని లేదు. నాలుగు గోడలూ మందంగా ఉండి, రెండు నెలల్లోపు ఇంప్లాంట్ పెట్టబోతుంటే రక్తపు గడ్డే చాలు. పై ముందు పళ్ల దగ్గర, బయటి గోడ పలచగా ఉన్నా విరిగినా, ఇంప్లాంట్ నెలల తరబడి ఆలస్యమయ్యేలా ఉన్నా మాత్రం నింపించుకోవాలి. దీనివల్ల తరుగు ఆగిపోదు, తగ్గుతుంది. ఆ తగ్గే ఒకటి రెండు మిల్లీమీటర్లే రేపు పెద్ద సర్జరీని తప్పిస్తాయి.

నింపే ఎముక పొడి నాలుగు రకాలు. రోగి సొంత ఎముక, దాతల నుంచి తీసి శుద్ధి చేసినది, పశువుల ఎముక నుంచి తయారైనది, కాల్షియం ఫాస్ఫేట్‌తో చేసిన కృత్రిమ పొడి. దాత ఎముక కొన్ని నెలల్లో సొంత ఎముకగా మారుతూ పోతుంది. పశువు ఎముక చాలా నెమ్మదిగా కరుగుతుంది, అందుకే ఆకారం బాగా నిలబడుతుంది, ముందు పళ్ల దగ్గర దాన్ని వాడేది అందుకే. దేని నుంచి తీసినదో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. మతపరంగా కానీ వ్యక్తిగతంగా కానీ అభ్యంతరం ఉంటే ముందే చెబితే కృత్రిమ పొడి వాడొచ్చు. ఒంటి వేరు పంటికి సుమారు 0.5 సి.సి., దవడ పంటికి 1 సి.సి. దాకా పడుతుంది.

పొడిని సెలైన్‌తోనో రోగి రక్తంతోనో తడిపి, గట్టు అంచు దాకా తేలిగ్గా సర్ది, పైన కొలాజెన్ పొర కప్పి అడ్డకుట్లు వేస్తారు. గట్టిగా కూరితే గుళికల మధ్య ఖాళీ ఉండదు, రక్తనాళాలు లోపలికి పాకలేవు. నెలల తర్వాత తెరిచి చూస్తే గుళికలు ఇసకలా రాలతాయి, ఎముక ఉండదు. గ్రాఫ్ట్ (ఇలా నింపిన ఎముక) పాడయ్యే మరో దారి లోపల వదిలేసిన చీము. మూడోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: తాత్కాలికంగా ఇచ్చిన తీసిపెట్టుకునే పన్ను. అది నొక్కిన ప్రతిసారీ కింద పొడి చెదురుతుంది, ఎముక అణిగి కరుగుతుంది. ఆ చోట కట్టుడు పన్ను అడుగును అరగదీసి కనీసం 2 మి.మీ. ఖాళీ ఉంచమని చెప్పండి. పక్క పళ్లకు అతికించే తాత్కాలిక పన్ను అయితే ఇంకా మేలు.

మొదటి వారంలో నాలుగైదు గుళికలు నోట్లోకి రావడం మామూలే. దుర్వాసన, మూడో రోజు తర్వాత పెరిగే నొప్పి, చీము మామూలు కాదు.

4. ఎప్పుడు పెట్టాలి

పీకిన రోజే పెట్టడం గోడలన్నీ బాగుండి, చీము లేక, గుంట అడుగున స్క్రూ గట్టిగా పట్టు దొరికే చోటే సాగుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య చిగురు మూసుకుని ఉంటుంది, ఎముక ఇంకా పెద్దగా తగ్గదు. చాలా సందర్భాల్లో నిదానంగా ఆలోచించి ఎంచుకోదగ్గ సమయం ఇదే. మూడు నాలుగు నెలలకు గుంటలో కొత్త ఎముక చాలావరకు నిండుతుంది కానీ గట్టు సన్నబడుతుంది. గుంట నింపించుకున్నవారు మాత్రం నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి.

5. ఎముక ఇప్పటికే తగ్గిపోయి ఉంటే

వెడల్పు కొద్దిగా తక్కువైతే ఇంప్లాంట్ పెట్టేటప్పుడే పక్కన పొడి, పొర వేసి పెంచుతారు. బాగా తక్కువైతే ముందు ఎముక పెంచి, ఆరు నెలలు ఆగి పెడతారు. ఏ పద్ధతి అయినా చిగురును లాగి కుట్టకూడదు. బిగువుగా కుట్టిన గాయం వారం పది రోజుల్లో విచ్చుకుంటుంది, పొర బయటపడుతుంది, గ్రాఫ్ట్‌లోకి సూక్ష్మజీవులు దిగుతాయి. పై దవడ వెనక 5 మి.మీ. కన్నా తక్కువ ఎత్తుంటే సైనస్ పొరను పక్క నుంచి పైకి లేపి నింపడం, అంతకన్నా కాస్త ఎక్కువుంటే ఇంప్లాంట్ రంధ్రం గుండానే లేపడం అలవాటు. కొన్నిచోట్ల 6 నుంచి 8 మి.మీ. పొట్టి ఇంప్లాంట్‌తో ఈ బాధంతా తప్పుతుంది, అడిగి చూడండి. సైనస్ సర్జరీ అయితే రెండు వారాలు ముక్కు చీదకండి, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.

6. స్క్రూ దించే రోజు

ఎముక కణాలు వేడిని ఓర్చుకోలేవు. 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం చాలు, అక్కడి ఎముక దెబ్బతింటుంది. అందుకే పదునైన డ్రిల్లులు, నిమిషానికి సుమారు 800 నుంచి 1200 చుట్ల వేగం, ఆగకుండా పడే చల్లటి సెలైన్, లోపలికీ బయటికీ ఆడిస్తూ దించడం, సన్న డ్రిల్లు నుంచి మందానికి అంచెలుగా వెళ్లడం. మొండి డ్రిల్లును బలంగా నొక్కితే ఆ రోజు ఏమీ తెలియదు. కొన్ని వారాలకు ఇంప్లాంట్ నొప్పి లేకుండానే వదులై చేతికి వస్తుంది.

స్క్రూ బిగింపు (తిప్పడానికి పట్టే బలం) సాధారణంగా 25 నుంచి 45 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. వెంటనే తాత్కాలిక పన్ను తగిలించాలంటే కనీసం 35 దాకా రావాలి. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. కింది దవడ ముందు భాగంలో ఎముక రాయిలా ఉంటుంది, అక్కడ మరీ బిగిస్తే చుట్టూ ఉన్న ఎముక నలిగి రక్తం అందక చచ్చిపోతుంది. పై దవడ వెనక దీనికి పూర్తిగా తలకిందులు. ఎముక స్పాంజిలా ఉంటుంది కాబట్టి రంధ్రాన్ని కావాలనే కాస్త సన్నగా వదులుతారు.

మత్తు దిగిపోయే వేళ దాటినా కింది పెదవి, గడ్డం మొద్దుబారే ఉంటే తెల్లారేదాకా ఆగకండి, అదే రోజు ఫోన్ చేయండి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే తొలి 36 గంటల్లోపు వెనక్కి తిప్పడమో తీయడమో చేస్తే నరం కోలుకునే అవకాశం మెరుగు.

7. మానే కాలం

మొదటి 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు, గడ్డకట్టిన రక్తం కదులుతుంది. చెంప మీద ఐస్ ప్యాక్ 20 నిమిషాలు పెట్టి 20 నిమిషాలు తీయండి. మర్నాటి నుంచి క్లోర్‌హెక్సిడిన్ 0.12 లేదా 0.2 శాతం ద్రావణంతో రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు వారాలు పుక్కిలించండి. అంతకు మించి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి.

మూడు నాలుగు వారాల మధ్య కాలం మోసపుచ్చేది. నొప్పి, వాపు పోయి అంతా మానిపోయినట్టు అనిపిస్తుంది. లోపల మాత్రం ఇంప్లాంట్‌ను పట్టుకున్న పాత ఎముక కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడక, పట్టు అన్నిటికన్నా తక్కువగా ఉండేది అప్పుడే. ఆ సమయంలో ఆ వైపు గట్టి పదార్థం కొరికి ఇంప్లాంట్‌ను 0.15 మి.మీ. మించి పదేపదే కదిలిస్తే చుట్టూ ఎముక బదులు నారకండ ఏర్పడుతుంది, ఇక అతుక్కోదు. కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ వైపు నమలకండి. కింది దవడకు సుమారు మూడు నెలలు, పై దవడకు నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాక క్యాప్ (ఇంప్లాంట్ మీద అమర్చే కృత్రిమ పన్ను). కంపనాలతో పట్టును కొలిచే పరికరం ఉంటే ఆ అంకె అడగండి. 70 దాటితే నిశ్చింతగా క్యాప్‌కు వెళ్లొచ్చు, 60 లోపుంటే ఇంకొన్నాళ్లు ఆగడమే మేలు.

8. క్యాప్ వల్ల ఎముక పోకుండా

క్యాప్‌ను సిమెంట్‌తో అతికిస్తే చిగురు కిందికి జారిన సిమెంట్ ముక్క నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత చీము పట్టించి ఎముకను తినేస్తుంది. వీలున్న చోటల్లా స్క్రూతో బిగించే క్యాప్ అడగండి. సిమెంటే వాడాల్సి వస్తే క్యాప్ అంచు చిగురు కిందికి 1 మి.మీ. మించి దిగకూడదు, అతికించాక ఎక్స్‌రే తీసి చూడాలి.

రెండో విషయం కొరుకు. సహజ పన్ను నారపొర మీద 0.025 నుంచి 0.1 మి.మీ. దాకా కుంగుతుంది, ఇంప్లాంట్ 0.005 మి.మీ. మాత్రమే. రెండిటినీ ఒకే ఎత్తులో పెడితే గట్టిగా కొరికినప్పుడు భారం అంతా ఇంప్లాంట్ మీదే పడుతుంది. అందుకే మెల్లగా పళ్లు కలిపినప్పుడు పళ్ల మధ్య పెట్టి లాగి చూసే 8 మైక్రాన్ల పలచని రేకు ఇంప్లాంట్ దగ్గర జారిపోవాలి, గట్టిగా కొరికినప్పుడే పట్టుకోవాలి. నిద్రలో పళ్లు నూరేవారికి రాత్రి పెట్టుకునే గార్డ్ తప్పనిసరి.

క్యాప్ బిగించిన రోజు తీసిన ఎక్స్‌రేను దాచుకోండి. రాబోయే ఏళ్లలో ప్రతి కొలతకూ అదే ఆధారం.

9. తర్వాతి ఏళ్లు

మొదటి ఏడాది ఇంప్లాంట్ మెడ చుట్టూ 1.5 మి.మీ. దాకా ఎముక తగ్గడం, ఆ తర్వాత ఏడాదికి 0.2 మి.మీ. లోపు తగ్గడం చాలాకాలంగా ఒప్పుకున్న లెక్క. ఇప్పటి డిజైన్లతో ఇంకా తక్కువే తగ్గుతుంది. అంతకు మించి తగ్గుతుంటే కారణం వెతకాలి.

ఇంట్లో మెత్తటి బ్రష్‌తో పాటు పళ్ల సందుల్లో పెట్టే చిన్న బ్రష్ రోజూ ఒకసారి వాడండి. దాని తీగకు ప్లాస్టిక్ పూత ఉండాలి, ఉత్త ఇనుప తీగ టైటానియం మీద గీతలు పెడుతుంది. క్యాప్ కింద స్పాంజ్ ఉండే ఫ్లాస్‌ను చుట్టి తుడవాలి. మూడు నుంచి ఆరు నెలలకోసారి క్లినిక్‌లో శుభ్రం చేయించుకోండి. ప్రతిసారీ ప్రోబ్‌తో ఇంప్లాంట్ చుట్టూ చిగురు సందు లోతు కొలిపించి రాయించుకోండి. ఇంప్లాంట్ దగ్గర ప్రోబ్ పెట్టకూడదని కొందరు భయపడతారు, తేలిగ్గా పెడితే ఏ హానీ లేదు.

తోముతుంటే రక్తం వస్తూ, ఎక్స్‌రేలో ఎముక అలాగే ఉంటే జబ్బు చిగురు దాకానే ఉన్నట్టు. సరిగ్గా శుభ్రం చేస్తే అది సాధారణంగా నయమవుతుంది. రక్తంతో పాటు ఎముక తగ్గుతుంటే సంగతి వేరు. పాత ఎక్స్‌రే దొరక్కపోతే 6 మి.మీ. లోతు, 3 మి.మీ. ఎముక నష్టం, రక్తమో చీమో కనిపించడం, ఈ మూడూ కలిస్తే జబ్బు ఎముకకు పాకినట్టు లెక్క. సహజ పంటి దగ్గర కన్నా ఇక్కడ అది వేగంగా నడుస్తుంది, నొప్పి కూడా ఉండదు. మందుబిళ్లలతో సరిపెట్టుకోకుండా చిగురు తెరిచి స్క్రూ ఉపరితలం శుభ్రం చేయించుకోవాల్సి రావచ్చు.

క్యాప్ కదిలినట్టు అనిపిస్తే చాలాసార్లు వదులైంది లోపలి చిన్న స్క్రూ మాత్రమే, తిరిగి బిగిస్తే సరిపోతుంది. అయితే వెంటనే వెళ్లాలి, వదులు సందులో సూక్ష్మజీవులు చేరతాయి. కదిలేది ఇంప్లాంటే అయితే అది ఎముక నుంచి విడిపోయినట్టే, మళ్లీ అతుక్కోదు. దాన్ని నెలల తరబడి ఉంచుకుంటే చుట్టూ ఇంకా ఎముక కరిగి గుంట పెద్దదవుతుంది. త్వరగా తీయించి, గుంట శుభ్రం చేయించి, గోడలు మిగిలి ఉంటే నింపించి, కొన్ని నెలలు మాననిచ్చి కొత్త స్కాన్‌తో మళ్లీ మొదటి అడుగు నుంచి చూసుకోవాలి.